గాలానికీ ఓ మర్యాద ఉండేది

మా రోజుల్లో ట్రౌట్ తినాలంటే ముందు కొండెక్కాలి. ఇప్పుడు శ్రీనగర్ హోటల్లో కూర్చోగానే కుర్రాడొచ్చి "ఫ్రైనా సార్, తందూరీనా?" అని అడుగుతాడు. పెంపకం తొట్టెల్లో గుళికల మేత తిని పెరిగిన రెయిన్‌బో ట్రౌట్ పావుగంటలో బల్ల మీదికొస్తుంది. పెంచేవాళ్ళ మీద నాకే కోపమూ లేదు, ఎన్నో కుటుంబాలకి అది కూడు పెడుతోంది. ఆ ముక్క తినేసి, ఫోటో తీసుకుని, కాశ్మీరు ట్రౌట్ సంగతంతా తెలిసిపోయిందనుకునే వాళ్ళ మీదే నా కోపం.

నేను గోదావరి జిల్లా వాణ్ణి. ఉద్యోగం నన్ను డెబ్బయ్యో దశకం చివర్లో కాశ్మీరు తీసుకెళ్ళింది. మా పులసలాగే సాల్మన్ కూడా సముద్రం విడిచి ఏటికి ఎదురీదుతుంది. దాని దాయాదే మేం పట్టిన బ్రౌన్ ట్రౌట్. కాశ్మీరులో మాత్రం అది సముద్రం మొహం చూడదు, కొండనీళ్ళలోనే పుట్టి అక్కడే పోతుంది. అసలది ఆ నేల చేపే కాదు. 1899లో ఇంగ్లండు నుంచి ఓడలో పంపిన గుడ్లు దారిలోనే చచ్చిపోయాయి. మరుసటేడు స్కాట్లండు నుంచి మళ్ళీ తెప్పిస్తే బతికాయి. ఫ్రాంక్ మిచెల్ అనే తివాచీల వ్యాపారి వాటిని కన్నబిడ్డల్లా సాకి వాగుల్లో వదిలాడు. ఒక మనిషి అంత ఓపిక పట్టబట్టే మనకా చేప దక్కింది.

నారానాగ్ పాత గుళ్ళ దగ్గర గుర్రం మీద సామాను కట్టించుకుని నిట్టనిలువు ఎక్కుడు ఎక్కేవాళ్ళం. పైన హరముఖ్ శిఖరం, దాని పాదాల దగ్గర 3,500 మీటర్లకు పైన గంగాబల్ సరస్సు, ఆ కిందే నుంద్‌కోల్ సరస్సు. హరముఖ్ శివుడి ఇల్లంటారు. గంగాబల్లో కాశ్మీరీ పండితులు తమవాళ్ళ అస్థికలు కలుపుతారు. అందుకని మేం అందులో గాలం వేసేవాళ్ళం కాదు, నుంద్‌కోల్‌కి దిగేవాళ్ళం. వెయ్యొద్దని మాకెవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

అమరనాథ్ దారిలోని శేషనాగ్ సరస్సుకీ ఓ కథ ఉంది. కల్హణుడు రాజతరంగిణిలో రాశాడు. నరుడనే రాజు సుశ్రవసుడనే నాగరాజు కూతురు చంద్రలేఖ మీద కన్నేస్తే, ఆ నాగుడు పిడుగులవాన కురిపించి ఊరికి ఊరే తగలబెట్టాడు. తర్వాత తను చేసిన పనికి తనే కుమిలిపోయి, మనుషులకి దూరంగా ఆ కొండల్లో పాలకడలి లాంటి సరస్సు చేసుకుని ఉండిపోయాడట. ఆ కథ విన్నవాడెవడూ ఆ నీళ్ళలో సీసా విసరడు. ఆ భయం వట్టి మూఢత్వమంటే నేనొప్పుకోను. ఏ కాపలాదారూ లేని చోట చేపని కాపాడిందదే.

సాయంత్రం గాలి పడిపోయాక నుంద్‌కోల్ నీళ్ళ మీద చిన్న చిన్న సుడులు విచ్చుకునేవి, కింద నుంచి ట్రౌట్ పురుగుల్ని అందుకుంటోందన్నమాట. మా ఎర వానపాము కాదు, ఫ్లై. గోరంత కొక్కేనికి కోడి మెడ ఈక పెట్టి పట్టుదారంతో చుట్టిన దొంగపురుగు. అది నీటి మీద నిజం పురుగు వాలినట్టే వాలాలి. ధప్పుమని పడిందా, ఇక ఆ మూల చేప ఆ పూటకి పైకి రాదు. పడితే చూడాలి దాని ఒళ్ళు! పసుపు ఛాయ పక్కల మీద నల్లచుక్కలు, నడుమ ఎర్రచుక్కలు, ఒక్కో ఎర్రచుక్క చుట్టూ తెల్లటి అంచు. పొట్టిదైతే చెయ్యి తడుపుకుని పట్టి వదిలేసేవాళ్ళం. పొడిచేత్తో పడితే ఒంటిమీది జిగురు ఊడి చేప జబ్బుపడుతుంది.

ఈమధ్య మళ్ళీ వెళ్ళాను. గట్టున డేరాల వరస, రాళ్ళ సందుల్లో నూడుల్స్ కాగితాలు. ఒకతను మూడు ముళ్ళ కొక్కెం విసిరి, దొరికిన పిల్లచేపని పొడిచేత్తో గాల్లోకెత్తి ఫోటో అయ్యేదాకా ఆడించాడు. చేపలు పట్టే పర్మిట్ ఏదని అడిగేవాడు లేడు.

అంతకంటే ఘోరం కింద వాగుల్లో జరుగుతోంది. శీతాకాలం ముందు ఆడ ట్రౌట్ పక్కకి ఒరిగి తోకతో గులకరాళ్ళని చిమ్మి గుంట చేస్తుంది, గుడ్లు పెట్టి మళ్ళీ రాళ్ళు కప్పుతుంది. ఆ రాళ్ళ సందుల్లోంచి చల్లటి నీరు పారుతున్నంత కాలమే గుడ్లకి ఊపిరి. బురద పేరుకుంటే చస్తాయి. ఆ గులకనే ఇప్పుడు యంత్రాలు పెట్టి తవ్వి లారీలకెత్తుతున్నారు. పైగా మంచు తగ్గిపోయింది. మొగలాయీల తోటకి నీళ్ళిచ్చిన అచ్ఛబల్ ఊట 2025 ఫిబ్రవరిలో ఎండిపోయిందని చదివి ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మంచు కురిపించడం మనవల్ల కాదు. అక్టోబరు నుంచి చలికాలం పోయేదాకా ట్రౌట్ గుడ్లు పెట్టే వాగుల్లో తట్టెడు గులక కూడా తియ్యకుండా ఆపడం మాత్రం అవుతుంది. డేరాలు సరస్సు గట్టుకి దూరంగా వేయించొచ్చు. పర్మిట్ రాసిచ్చే ముందు గాలం ఎలా వెయ్యాలో, చిన్నచేపని ఎలా వదలాలో ఒక్క పూట నేర్పించి, ఆ తర్వాతే కాగితం చేతికివ్వాలి.