ముక్కుకు చెప్పే అబద్ధం

మైదుకూరు చుట్టుపక్కల కువైట్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. ఆ మనిషి సెలవుకొచ్చి పెట్టె విప్పితే సెంటు సీసాల పక్కన గొడ్డలి బొమ్మ ఉన్న యాక్స్ ఆయిలో, పులి బొమ్మ ఉన్న టైగర్ బామో కనబడాల్సిందే. తుమ్ములొస్తే అదే, ముక్కు దిబ్బడేస్తే అదే, తలనొప్పికీ అదే. "చైనావోళ్ల వేల ఏండ్ల మూలికలు, సైడ్ ఎఫెక్టే ఉండదు" అన్న మాట సీసాతోపాటు ఉచితంగా వస్తుంది. ఆ వేల ఏళ్లలో ముప్పాతిక భాగం ఊహే. యాక్స్ ఆయిల్ 1928లో సింగపూర్‌లో పుట్టింది. టైగర్ బామ్ మూలాలు 1870లలో రంగూన్‌లో ఒక చైనా వైద్యుడు పెట్టుకున్న అంగట్లో ఉన్నాయి. రెండింట్లోనూ ఘాటుగా తగిలేవి మెంథాల్, కర్పూరం. సహజ మెంథాల్‌ను ప్రపంచానికి ఎక్కువగా పంపేది మనమే, ఉత్తరప్రదేశ్‌లో పండే పుదీనా జాతి పైరు నుంచి. ఇక్కడి సరుకే చైనా వేషం కట్టి, గల్ఫ్ విమానమెక్కి, మైదుకూరు నాలుగురోడ్ల కూడలిలో దిగేసరికి ప్రాచీన రహస్యమైపోయినా ఆశ్చర్యం లేదు.

మూత తీసి పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది. ఉంటుంది, అంతే. గాలి బాగా ఆడితే ముక్కు లోపల చల్లగా తగులుతుంది కాబట్టి, చల్లగా తగిలిందంటే గాలి బాగా ఆడుతోందని మెదడు లెక్కేసుకుంటుంది. మెంథాల్ చేసేదల్లా ఆ చల్లదనాన్ని పసిగట్టే నరాలను నేరుగా మీటడం. 1980లలో బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకులు కొందరికి మెంథాల్ పీల్పించి, ముక్కులో గాలికి తగిలే అడ్డును పరికరంతో కొలిచారు. పీల్చినవాళ్లు హాయిగా ఉందన్నారు. పరికరం మాత్రం అడ్డు ఎంతున్నదో అంతే ఉందని చూపింది. బోరు ఎండిపోయినా మోటారు మోత వింటూ తోట తడిసిందనుకునే రైతు ఎవరూ ఉండరు. ముక్కు విషయంలో మాత్రం మనమంతా అలాంటి రైతులమే. రాత్రి కాసేపు హాయిగా నిద్ర పట్టడానికి వాడుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. దాన్ని అలర్జీకి మందు అనడంతోనే పేచీ. పైగా ఆ "సైడ్ ఎఫెక్టు లేని" నూనెను పసిబిడ్డ ముక్కుల్లో రాస్తే ఊపిరి ఆడకపోయే ప్రమాదముంది. కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ రావచ్చు.

పూత మందుల సంగతి అలా ఉంచి, చైనా వైద్యంలో ముక్కుకు లోపలికి ఇచ్చే అసలు మూలికలకు వద్దాం. 1253 నాటి 'జీషెంగ్ ఫాంగ్' అనే గ్రంథంలోని చూర్ణం ఈనాటికీ ముక్కుదిబ్బడకు పెద్ద పేరు. దాని పేరే అందులో పడే ఒక కాయ పేరు: త్సాంగ్ అర్ జ. ఈ కాయ కోసం చైనా దాకా పోనక్కర్లేదు. కాలువ గట్టున నడిస్తే పంచెకు, గొర్రె బొచ్చుకు కొక్కేలు వేసి పట్టుకుని ఇంటిదాకా వచ్చే మరులమాతంగి కాయ అదే. మన రైతు కలుపని పీకి పారేసేదాన్ని పొట్లం కట్టి అమ్మితే మూలిక. ఆ మొక్కలో కార్బాక్సీఅట్రాక్టిలోసైడ్ అనే విషముంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 2007లో బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంలో తిండికి కటకటగా ఉన్న రోజుల్లో దీని మొలకలను కూర వండుకున్న ఊళ్లలో 76 మంది జబ్బుపడ్డారు, 19 మంది చనిపోయారు. చైనా వైద్యులు కాయను వేయించి విషం తగ్గిస్తారన్నది నిజమే. అంటే విషముందని వాళ్లకూ తెలుసు. తెలియనిది ఇక్కడ "ప్రకృతి సిద్ధం, హాని లేదు" అని చెప్పేవాళ్లకే. ఇక చైనాలో బాగా అమ్ముడుపోయే 'బియాన్‌కాంగ్' ముక్కు మాత్రల్లో మూలికలతోపాటు క్లోర్‌ఫెనిరమిన్ కూడా ఉంటుంది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సీపీఎం అని చెప్పి ఉచితంగా ఇచ్చే పాత ఇంగ్లీషు మాత్రే అది. చైనా మందులో సీపీఎం ఉండటం సబబే అనుకోండి; తుమ్ములు ఆగిన పుణ్యం మాత్రం మూలిక ఖాతాలో పడుతుంది.

మూలికల నుంచి గొప్ప మందులు రాలేదా అని అడుగుతారు. వచ్చాయి. మా హువాంగ్ అనే చైనా మొక్క నుంచి 1885లో జపాన్ శాస్త్రవేత్త నాగాయ్ ఎఫెడ్రిన్‌ను వేరుచేశాడు. అది ముక్కు దిబ్బడను నిజంగానే తగ్గిస్తుంది. అలా తగ్గించేదే గుండెను దడదడలాడిస్తుంది, రక్తపోటు పెంచుతుంది. అందుకే అలాంటి మూలికల గుళికలను అమెరికా 2004లో నిషేధించింది. మలేరియాకు ఆర్టెమిసినిన్ కనిపెట్టిన తూ యూయూ కూడా పాత గ్రంథంలోంచే దారి వెతుక్కుంది. కానీ 2015లో ఆమెకు నోబెల్ ఇచ్చింది గ్రంథం చదివినందుకు కాదు, అందులోని మాటను పరీక్షకు నిలబెట్టినందుకు. ఎఫెక్టు ఉన్న ప్రతిదానికీ సైడ్ ఎఫెక్టు ఉంటుంది. అసలు లేదని ఎవరైనా ఒట్టేస్తే, ఆ మందుకు పనీ లేదని చెప్పకనే చెప్పినట్టు.

ఇంగ్లీషు మందులు మాత్రం నీతిమంతమైనవా అన్నది తర్వాతి బాణం. బాగానే తగిలింది. మన జలుబు మాత్రల్లో విరివిగా కలిపే ఫెనైలెఫ్రిన్ నోటి ద్వారా మింగితే ముక్కుకు పనిచేయదని 2023 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ సలహా సంఘం 16-0 ఓట్లతో తేల్చింది. ముక్కులో వేసుకునే కొన్ని చుక్కల మందులు రోజుల తరబడి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుంది. ఈ తప్పులు మనకు ఎలా తెలిశాయి? ఆ వైద్యమే తన మందును తానే పరీక్షకు పెట్టి, పరువు పోయినా సరేనని బయటపెట్టింది కాబట్టి. వేల ఏళ్లుగా ఒక్క తప్పూ దొరకలేదని గర్వపడే వైద్యం ఉందంటే, వేల ఏళ్లుగా ఎవరూ వెతకలేదని అర్థం.

"నాకు తగ్గింది గదా" అన్నది చివరి వాదం, అన్నిటికంటే గట్టిది. ఇక్కడి ముక్కుల కష్టం వట్టిదేమీ కాదు. దేశంలో పేరున్న పసుపు రకానికి మైదుకూరు పేరే పెట్టారు. కొమ్ములు ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టేటప్పుడు లేచే దుమ్ములో పనిచేసేవాళ్ల ముక్కులు ఊరుకోవు. బీళ్లలో, రోడ్ల వెంబడి వయ్యారిభామ పూస్తే దాని పుప్పొడీ తుమ్మిస్తుంది. అయితే పూత పోతే తుమ్ములూ పోతాయి, పాలిష్ పని అయిపోతే ముక్కూ సర్దుకుంటుంది. తగ్గుముఖం పట్టిన వారంలో ఏ సీసా చేతిలో ఉంటే ఆ సీసాకే బిరుదు. దీన్ని విడదీయడానికే కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చి చూస్తారు. సెటిరిజిన్, ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే ఆ పరీక్ష దాటి వచ్చాయి. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవడమూ ఎంతో కొంత మేలు చేస్తుందని తేలింది. దానికి ఏ దేశపు ప్రాచీనతా అక్కర్లేదు.

ఈ కొలబద్ద చైనాకే కాదు. 1845 నుంచి వస్తోందని చెప్పుకునే హైదరాబాదు చేప మందుకూ, మన పక్క ఊరి పసరుకూ ఇదే కొలత. అమ్మేవాణ్ని నాలుగు మాటలు అడగండి: ఇందులో ఏముంది, ఎంత మోతాదు, ఎవరెవరి మీద పరీక్షించారు, ఎవరు వాడకూడదు? జవాబిస్తే అది మందు, ఏ దేశానిదైనా తీసుకోండి. జవాబుకు బదులు చరిత్ర చెప్పడం మొదలుపెడితే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.