స్టెంటు పడ్డ ఎండీగారు

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్, గాజువాక ఆటోనగర్. ఏ పారిశ్రామికవాడకైనా వెళ్లండి, సందుకొకాయన తగులుతాడు. వయసు యాభై అయిదుకు అటూ ఇటూ. నలభైమంది పనిచేసే కంపెనీకి ఎండీ. పేరుకది ప్రైవేట్ లిమిటెడ్, డైరెక్టర్లు మాత్రం ఆయనా, ఆయన భార్యా. బోర్డు మీటింగులన్నీ కంచాల ముందే జరిగిపోతాయి. ఈమధ్యే గుండెలో ఒకటో రెండో స్టెంట్లు పడ్డాయి. ఇలాంటివాళ్ల పద్దులు చూసి బతికే వృత్తి నాది. అందుకని ఒక్కరి గుట్టు విప్పకుండా అందర్నీ కలిపి ఒకే మనిషిని చేసి చెబుతున్నాను. ఎవరికైనా ఇది తన కథే అనిపిస్తే ఒకసారి బీపీ చూపించుకోవడం మంచిది.

స్టెంటుకు పూర్వం ఆయన తీరు వేరు. షాప్ ఫ్లోర్‌లోకి అడుగుపెట్టకముందే గొంతు అడుగుపెట్టేది. మధ్యాహ్న భోజనం మూడున్నరకి, అదీ నిలబడి, ఎడంచేత్తో ఫోను పట్టుకుని. లక్షలు పోసి ప్రొడక్షన్ ప్లానింగు సాఫ్ట్‌వేరు కొన్నాడు గానీ దాన్ని తెరిచి చూసినవాడు లేడు. ఎవరిని ఎంత గట్టిగా తిడితే వాడి మిషన్ మీదున్న జాబ్ అంత అర్జెంటని అందరికీ తెలుసు. తిట్లలో తల్లి ప్రస్తావన వస్తే ఇవాళే పంపాలి, తాతల దాకా వెళితే నిన్ననే పంపి ఉండాల్సింది.

నెలాఖరు డిస్పాచ్ రోజున ఛాతీలో పట్టేసింది. "గ్యాసే" అన్నాడు. సోడా తెప్పించుకుని తాగాడు. చెమటతో చొక్కా తడిసిపోతుంటే ఫోర్‌మన్ ఇక మాట వినకుండా డిస్పాచ్ వ్యానులోనే ఎక్కించాడు. వెనకాల సరుకు, ముందు సీట్లో యజమాని. దారిలోనే కస్టమరు ఫ్యాక్టరీ ఉంది కదా, ముందు సరుకు దింపేసి ఆసుపత్రికి పోదామని ఈయన పట్టుబట్టాడట. ఫోర్‌మన్ సర్వీసు మొత్తంలో యజమాని మాట కాదన్నది ఆ ఒక్కరోజే. దానికి ఇంక్రిమెంటు మాత్రం ఇంతవరకు రాలేదు.

మణికట్టు దగ్గర నుంచి తీగ పంపి స్టెంటు వేశారు. కాస్త కుదుటపడగానే ఈయన అడిగిన మొదటి ప్రశ్న "నేను బతుకుతానా?" అని కాదు, "మెటీరియల్ ఏంటి?" అని. మామూలు మనిషైతే గదా, బాలానగర్ టూల్ డిజైన్ సంస్థలో డిప్లొమా చేసినవాడు. 1968 నుంచి ఆ సంస్థ తయారుచేసి వదిలిన మనుషులంతా ఇంతే, పెళ్లిపందిట్లో తాళిబొట్టు చూసినా డై ఎలా చేశారోనని ఆలోచిస్తారు. కోబాల్ట్ క్రోమియం అన్నారు డాక్టరుగారు. వ్యాసం మూడు మిల్లీమీటర్లు. జాలీ కమ్మీ మందం వంద మైక్రాన్ల లోపు. లేజరుతో కోస్తారు. "బర్రు లేకుండా కోయడం కష్టం సార్, ఎవరు చేశారో గానీ మంచి పనోడు" అన్నాడు ఈయన. స్టెంటు వివరాలున్న కార్డు చేతికిస్తే కళ్లజోడు పెట్టుకుని బ్యాచ్ నంబరు, సీరియల్ నంబరు సరిచూసుకున్నాడు. "ట్రేసబిలిటీ ఉంది" అని తృప్తిపడ్డాడు. ఆ కార్డు ఇప్పుడు పర్సులో విజిటింగ్ కార్డుల మధ్య ఉంటుంది. ఒకసారి పొరపాటున ఒక కొనుగోలు మేనేజరుకి అదే ఇచ్చాడు. అతగాడు దాన్ని చదివి, ఆ రోజుకి రేటు తగ్గించమని అడగలేదట.

ఆసుపత్రి బిల్లు చూశాక మరో జ్ఞానోదయం. మందుపూత స్టెంటు ఒకప్పుడు లక్ష దాటి అమ్మేవాళ్లు. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం ధరకు పగ్గం వేసి 29,600 రూపాయలు, పైన పన్నులు అంది. దేశమంతా సంతోషించింది. ఈయన మాత్రం తయారుచేసినవాడి పక్షాన నిలబడ్డాడు. "మైక్రాన్లలో పని చేయించుకుని రేటు వాళ్లే రాసుకుంటారా? మా కస్టమర్లకు తెలియనీయకండి" అన్నాడు. పరామర్శకు వచ్చినవాళ్లకు పళ్లరసం ఇస్తూ, అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ధర స్టెంటు తయారుచేసింది ఈ హైదరాబాద్‌లోనే అని చెప్పేవాడు. అక్కడితో ఆగితే బాగుండేది. తానూ రక్షణశాఖ వాళ్లకు బుష్షులు చేసిచ్చాడు గనక ఆ లెక్కన తన గుండెలో ఉన్నది దాదాపు సొంత ఉత్పత్తే అన్నట్టు ముగించేవాడు.

ఎకో రిపోర్టు దగ్గర అసలు గొడవ వచ్చింది. గుండె పంపింగు 55 శాతం ఉంది, చాలా బాగుంది, నార్మలే అన్నారు డాక్టరుగారు. ఈయన మొహం మాడిపోయింది. "55 శాతానికి బాగుందంటారేంటండీ? మా సీఎన్‌సీ 55 శాతం నడిస్తే బ్యాంకువాడు లోను వెనక్కి తీసుకుంటాడు." ఎంత ఆరోగ్యవంతుడి గుండైనా నిండిన రక్తమంతా ఒక్క దెబ్బలో బయటికి నెట్టదని, 70 దాకా వెళితే అదే ఎక్కువని ఆయన ఓపిగ్గా చెప్పారు. ఈయన తలూపాడు గానీ, ఆ మిగిలిన 45 శాతం సంగతి చూసేవాడు లేడే అన్న బాధ పూర్తిగా పోలేదు.

ఇంటికి వచ్చాక మందులన్నిటికీ మెయింటెనెన్స్ చార్టు తయారైంది. పొద్దున రక్తం పలచబరిచేవి, రాత్రి కొలెస్ట్రాల్‌ది. "వేసినవారు", "తనిఖీ చేసినవారు" అని రెండు గళ్లు. రెండో గడిలో సంతకం మేడమ్‌ది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు సంతకం చేసే అధికారం నిజంగా దక్కింది ఇప్పుడే, అంతకుముందు డైరెక్టరుగా ఆమె సంతకాలన్నీ పెన్సిలు టిక్కు పెట్టిన చోట చేసినవే.

నెల తర్వాత ఆయన కంపెనీకి తిరిగొచ్చాడు. మనిషి మారిపోయాడు. అక్కడే వచ్చింది తంటా. మామూలు ఉద్యోగి మారితే ఆ మార్పు అతనింట్లోనే ఉంటుంది. ఎండీ మారితే నలభైమందీ మారాలి. సమోసాలు బందు. మిర్చి బజ్జీల బండివాణ్ణి గేటు దగ్గర నిలబడనీయొద్దని సెక్యూరిటీకి ఆర్డరు. పదకొండింటి చాయ్ స్థానంలో రాగిజావ. క్యాంటీన్‌లో సోమవారం కొర్రలు, మంగళవారం సామలు, బుధవారం అరికెలు, గురువారం ఊదలు, శుక్రవారం అండుకొర్రలు. శనివారం అన్నం పెడతారు గనక ఆరోజు హాజరు నూటికి నూరు. మీటింగులు కూర్చుని చేసుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదని షెడ్డు చుట్టూ నడుస్తూ చేస్తున్నారు. లావుగా ఉన్న క్వాలిటీ ఇన్‌ఛార్జి మూడో రౌండుకి ఏ రిజెక్షనైనా ఒప్పేసుకుంటున్నాడు.

అన్నిటికన్నా కష్టం, ఆయన కోపం మానేయడం. డాక్టరు వద్దన్నాడు. ఇప్పుడు షాపులోకి వచ్చి, చెడిపోయిన జాబ్ చేతిలోకి తీసుకుని, వెర్నియర్ పెట్టి చూసి, కళ్లు మూసుకుని, గాలి లోపలికి పీల్చి, మెల్లగా వదిలి, చిరునవ్వుతో "పర్వాలేదు నాన్నా" అంటాడు. జనానికి కాళ్లు వణుకుతున్నాయి. రెండు రోజులు ఓర్చుకుని ఫోర్‌మన్ వెళ్లి మొరపెట్టుకున్నాడు.

"సార్, జెర తిట్టుండ్రి సార్. మీరు నవ్వుతుంటే పోరగాళ్లకు భయమైతున్నది. కంపెనీ అమ్ముతున్నరా అని అడుగుతుండ్రు."

"ఏమయ్యా, నేను ప్రశాంతంగా ఉండటం మీకెవరికీ ఇష్టంలేదా?"

"గట్ల కాదు సార్. ఏ జాబ్ అర్జెంటో సమజైతలేదు."

చివరికి రాజీ కుదిరింది. అర్జెంటు జాబ్‌లకు ఎర్ర ట్యాగు. మరీ అర్జెంటైతే తాతలకు బదులు రెండు ట్యాగులు. ప్రపంచంలో ఏ ఫ్యాక్టరీలోనైనా ఉండే పద్ధతి ఇక్కడికి చేరాలంటే ఒక రక్తనాళం మూసుకుపోవాల్సి వచ్చింది.

బాధ్యతలు పంచుతానని కూడా ప్రకటించాడు. కొనుగోళ్లు ఒకరికి, డిస్పాచ్ ఒకరికి, బ్యాంకు పనులు అకౌంట్స్ అమ్మాయికి. లెటర్‌హెడ్ మీద రాసి ముద్ర వేసి మరీ ఇచ్చాడు. సాయంత్రం నాలుగింటికే ఇంటికి వెళ్లిపోతున్నాడు. నాలుగున్నరకి ఫోను మోగుతుంది. "నేనేం జోక్యం చేసుకోను గానీ, మూడో మిషన్ దగ్గర కూలెంట్ కారుతోంది చూడండి." సీసీటీవీ మొత్తం ఫోనులో పెట్టుకుని పడుకున్నాడన్నమాట. మేడమ్ ఆ యాప్ తీసేయించింది. మర్నాటికి మనవడి ట్యాబ్‌లో దొరికింది.

విశ్రాంతిలో ఉన్నా ఆయనకు నిద్ర పట్టనీయనిది గుండె కాదని నాకు అర్థమవడానికి కొంత సమయం పట్టింది. ఒకరోజు లెక్కల కాగితాలు ముందు పెట్టుకుని, ఆయన ఆసుపత్రిలోనూ ఇంట్లోనూ ఉన్న ఆ నెల అమ్మకాల దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు. అంతకుముందు నెలకన్నా ఎక్కువున్నాయి. రిజెక్షన్లు తగ్గాయి. కస్టమరు నుంచి ఒక్క డెబిట్ నోట్ రాలేదు.

"ఇది కరెక్టేనా?"

"కరెక్టేనండీ."

"జీఎస్టీతో టాలీ అయిందా?"

"అయిందండీ."

"మళ్లీ ఒకసారి చూడండి."

లాభం వచ్చినందుకు అంత దిగులు పడ్డ మనిషిని నా వృత్తిలో చూడలేదు. స్టెంటు పడిందంటే తట్టుకున్నాడు. తను లేకపోయినా డిస్పాచ్ వ్యాను టైముకి బయల్దేరిందంటే తట్టుకోలేకపోయాడు. పాతికేళ్లుగా తన భుజాల మీద కంపెనీ ఉందనుకున్నాడు. భుజాలు తీసి చూస్తే కంపెనీ కింద పడలేదు. ఇంతకన్నా అవమానం ఏ ఎండీకి జరుగుతుంది?

అలాగని ఆయన జబ్బు వట్టిదేం కాదు. డాక్టరుకు చూపించడానికి రోజూ బీపీ రాసిన పుస్తకం ఒకటి ఉంది. డాక్టరుకు అంతుబట్టనిది నాకు ఒక్క చూపులో అర్థమైంది. 7వ తేదీన 150 దాటింది: జీతాలకు ఆఖరు రోజు, టీడీఎస్ కూడా అదేరోజు. 11న మళ్లీ లేచింది: జీఎస్టీఆర్-1. 15న పీఎఫ్, ఈఎస్ఐ. 20న జీఎస్టీఆర్-3బీ, ఆరోజు రెండుసార్లు కొలుచుకున్నాడు. మధ్యలో ఒక్కరోజు 118కి దిగింది. ఆరోజు పెద్ద కంపెనీ నుంచి పాత బాకీ చెక్కు వచ్చింది. ఒప్పందం రాసుకున్నా సరే, చిన్న పరిశ్రమకు 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదని 2006 చట్టం చెబుతోంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపన్ను చట్టంలోనూ మెలిక పెట్టారు, ఆలోగా ఇవ్వకపోతే ఇచ్చేదాకా ఆ ఖర్చు లెక్కలోకి రాదు. కస్టమర్లు ఈ రెండు చట్టాలనూ బుద్ధిగా పాటిస్తే ఈయన మందుల్లో కనీసం ఒకటి తగ్గించవచ్చని ఆ పుస్తకం చూసినవారెవరైనా ఒప్పుకుంటారు.

ఆయన చాదస్తం వల్ల ఒక మేలు జరిగింది, అది చెప్పకపోతే అన్యాయం. నలభై దాటినవాళ్లందరికీ పరీక్షలు చేయించి తీరాలన్నాడు. షాపులోకే రక్తం తీసేవాళ్లను పిలిపించాడు. సీఎన్‌సీ మీద మైక్రాను తేడాను కంటితో పట్టే ఆపరేటర్లు సూది చూసి బాత్రూముల్లో దాక్కున్నారు. వెతికి మరీ పట్టుకొచ్చారు. కొందరికి బీపీ, కొందరికి షుగరు బయటపడ్డాయి. ఫోర్‌మన్‌కి రెండూ ఉన్నాయి. "నాకేంది సార్, గ్యాసే" అన్నాడతను. ఆ మాట వినగానే ఎండీగారు స్టెంటు తర్వాత మొదటిసారి నోరు తెరిచి తిట్టాడు. తాతల దాకా వెళ్లాడు. షాపంతా ఊపిరి పీల్చుకుంది. రెండు ఎర్ర ట్యాగులని అందరికీ అర్థమైపోయింది. ఫోర్‌మన్‌ని అప్పటికప్పుడు ఈఎస్ఐ ఆసుపత్రికి పంపించారు, ఈసారి వ్యానులో సరుకు లేకుండా.

మూడు వారాల సెలవు తర్వాత ఫోర్‌మన్ వచ్చాడు. వస్తూనే ప్రొడక్షన్ రిజిస్టరు తెరిచాడు. తను లేనప్పుడు కూడా పని బాగానే సాగిందని చూసి, రిజిస్టరు చంకలో పెట్టుకుని నేరుగా ఎండీగారి గదికి వెళ్లాడు. అప్పటినుంచి ఇద్దరూ రోజూ పదకొండింటికి తలుపు వేసుకుని, ముందు రాగిజావ పెట్టుకుని, తాము లేకుండా ఈ కంపెనీ ఎలా నడిచిందో విచారణ జరుపుతున్నారు. పాత జాబ్‌కార్డులు తీయిస్తున్నారు, సంతకాలు పోలుస్తున్నారు. ఆ విచారణ ఇప్పట్లో తేలకూడదని సూపర్‌వైజర్లు మొక్కుకుంటున్నారు. తలుపు మూసి ఉన్న ఆ రెండు గంటల్లోనే పని బాగా సాగుతోందని వాళ్ల అనుభవం.