ఆటవెలదికి టీక: డెమోల మీద ఒక వ్యాఖ్యానము

అవతారిక

ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరిలో, జూన్‌లో, అక్టోబరులో, స్టీమ్ అనే ఆటల అంగడిలో నెక్స్ట్ ఫెస్ట్ అనే జాతర జరుగును. వారం రోజులపాటు రాబోవు ఆటల డెమోలు వేలకొద్దీ ఊరకే పంచుదురు. ఒంటరిగానో, ఇద్దరు ముగ్గురు కలిసో చేసుకొనే ఇండీ ఆటలే అందులో ఎక్కువ. ఈ సంగతి ఖమ్మంలో మా వీధికి మా మేనల్లుడి వలన తెలిసినది. వాళ్ల ఊరు చర్ల వైపు. అడవి మొదలయ్యాక సిగ్నల్ చెట్ల చాటుకు పోవును కనుక, జాతర రోజుల్లో వాడు మా ఇంటికి వచ్చి, కావలసినవన్నీ ల్యాప్‌టాప్‌లోకి దించుకొని పోవును. ఎత్తుల ఆటలు, చిక్కుముడి ఆటలు తప్ప వేరేవి తాకడు.

వాడి పక్కన కూర్చుని చూడగా చూడగా నాకొక ఆటవెలది పుట్టినది. దానికి నేనే టీక వ్రాయుచున్నాను. కవినీ నేనే కనుక అభ్యంతరపెట్టువారు లేరు. మూలంలో లేనిదేదీ వ్రాయనని సంస్కృత కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పూనాడు. ఆయన మెదక్ సీమవాడు. ఆ ప్రతిజ్ఞ మా ఖమ్మం మున్నేటి ఒడ్డు దాకా రాలేదు.

మూలము

ఉచిత మనుచు మొదటి యూరిని జూపించి
రెండవూరి దారి రేపటికని
తలుపు మూసితీవు తాటాకు వ్రాయించి;
ఆటవెలది! యేల యాశపెట్ట?

ప్రతిపదార్థము

ఆటవెలది! = ఓ ఆటల సుందరీ; ఉచితము అనుచు = వెల లేదని చెప్పుచు (డేటా ఖర్చు కవి లెక్కలోనికి రాలేదు, ఇంటి వైఫై మామయ్యది గనుక మేనల్లుడి లెక్కలోనికీ రాలేదు); మొదటి ఊరిని = తొలి అంకమును; చూపించి = ఆడనిచ్చి; రెండవ ఊరి దారి = తరువాతి అంకమునకు పోవు త్రోవ; రేపటికి అని = విడుదలనాటికి అని, ఆ నాడెప్పుడో చెప్పక; తాటాకు వ్రాయించి = విష్‌లిస్ట్ అనే కోరికల పట్టీలో చేర్పించుకొని; తలుపు మూసితీవు = డెమో అయిపోయినదంటివి (తికారమునకు దీర్ఘము గణము కొరకు); ఏల = ఎందుకు; ఆశపెట్ట = ఊరించుట.

తాత్పర్యము

సులభము. ఆట నడిమధ్యలో ఆపినందుకు ఒకడు ఏడ్చుచున్నాడు.

విశేషాంశములు

"మొదటి యూరిని". మొదటి ఊరు ఊరకే ఇచ్చి మిగతా ఊళ్లకు వెల కట్టే ఆచారం పాతది. 1993 డిసెంబరు 10న వచ్చిన డూమ్ ఆటలో 3 ఖండాలు, ఖండానికి 9 అంకాలు. మొదటి ఖండం మొత్తం ఉచితం. ఎవరైనా ఎవరికైనా నకలు తీసి ఇచ్చుకోవచ్చు. అంటే మూడో వంతు సరుకు దానం. నేటి డెమోలకు అంత చేయి లేదు. ఉండనక్కరలేదు కూడా.

"జూపించి". ఈ చూపుటలో ఒక మోసం పొంచి ఉన్నది. ఖమ్మం మిర్చి మార్కెట్ ఎరిగినవారికి జెండా పాట తెలియును. మేలైన రాశి ఒకదానికి ముందు పాట పాడి ధర కట్టుదురు. ఆ ధర మర్నాడు పత్రికలో పడును. వెనుకనున్న బస్తాలకు మాత్రం ఆ ధర రాదు. కొన్ని డెమోలు అచ్చంగా జెండా పాటలు. తొలి అరగంట ఎర్రగా నిగనిగలాడును, తక్కినదంతా తాలు. పట్టుకొనుట ఎట్లు? డెమో ముగిశాక మేనల్లుణ్ణి ఒకటే అడుగుతాను: "ఎందుకు ఓడావురా?" వాడు "ఏమో మామయ్యా, బొమ్మలు మాత్రం మస్తున్నయ్" అంటే అది తాలు. "మూడో వంతులో ఆ వంతెన కాల్చకుండా ఉంటే అయిపోయేది, అనవసరంగా తొందరపడ్డా" అంటే లోపల సరుకున్నట్లు. ఓటమికి కారణం తానే చెప్పగలిగిన ఆట, ఎత్తుల ఆట. మిగిలినవి లాటరీలు.

"రెండవూరి దారి... తలుపు మూసితీవు". పద్యానికి ప్రాణం ఇచ్చటనే ఉన్నది, కవికి మాత్రం అది తెలిసినట్లు లేదు. తలుపు మూసినందుకు నొచ్చుకున్నాడే గాని, ఎక్కడ మూసినదో గమనించలేదు. దృష్టాంతంగా మన అరుగుల మీది పులి-మేకనే డెమోగా కోసి చూడవచ్చును. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే చోట్లు 23 (లెక్క ఊరినిబట్టి కొంత మారును). మేకలు వంతుకొకటిగా దిగవలె. అన్నీ దిగేదాకా దిగిన మేక కదలరాదు. ఈలోగా పులి తిరుగుతూ, మేకకు అవతలి చోటు ఖాళీగా ఉంటే దాని మీదుగా దూకి మింగును. మేకలకు దూకుట లేదు, మింగుట లేదు. పులులకు అడుగు తీసే చోటు లేకుండా కట్టివేయడమే వాటి గెలుపు.

ఇప్పుడు 5వ మేక దిగగానే "డెమో సమాప్తం" అన్నామనుకోండి. ఆడినవాడికి ఇది పులుల ఆట, మేకలు ఉత్త మేత అనిపించును. ఆట గురించి అబద్ధమొకటి నమ్మి లేచిపోవును. పోనీ, రెండు పులులు కట్టుబడే దాకా ఆడనిచ్చి మూద్దామా? మిగిలిన ఒక్క పులి ఏమవునో చూచాయగా తెలియనే తెలిసింది, ఇంక కొనుటకేమున్నది? మూయవలసినది 15వ మేక దిగి, మొదటిసారిగా ఒక మేక కదిలిన క్షణమున. అప్పటిదాకా రాళ్లలా కూర్చున్నవి నడవగలవని అప్పుడే తెలిసెను, నడిస్తే ఏమవునో తెలియదు. వాడు మంచమెక్కి కూడా దుప్పటి మీద వేలితో గీతలు గీయును. కనుక ఎత్తుల ఆటకు మంచి డెమో ఏదనగా, అంతవరకు చెల్లిన నియమం తిరగబడిన చోట ఆగునది. ఎంతసేపు ఆడనిచ్చారన్నది అప్రస్తుతము. రెండు గంటలు ఆడించి ఏ మలుపూ చూపని డెమోలను మా ఇంట్లో చూశాను. అవి దీర్ఘములు, అంతే.

చిక్కుముడి ఆటలకు ఈ సూత్రం అంతగా పట్టదు. 2025 ఆగస్టులో విడుదలైన ఈజ్ దిస్ సీట్ టేకెన్? అనే ఆట ఉన్నది, బార్సిలోనా వారిది. బస్సులోనో సినిమాలోనో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టవలెనన్నదే అందులోని చిక్కు. ఒకరికి కిటికీ కావలె, ఒకరికి పక్కవాడి వాసన పడదు, ఒకరికి సద్దు గిట్టదు. డెమో చూసి మా అక్క, "దీనికి కంప్యూటరెందుకురా తమ్ముడూ, భద్రాచలం బస్సెక్కితే సరిపాయె" అన్నది. సగం నిజం. మన బస్సులో కోరికలతో పని లేదు. కిటికీలోంచి కర్చీఫు వేసినవాడిదే సీటు. కర్చీఫుకు గల ఈ హక్కును ఆ ఆట గుర్తించకపోవడం లోపమని వ్యాఖ్యాత అభిప్రాయం. ఇట్టి ఆటల్లో ఒక్కొక్క చిక్కు తనంతట తాను పూర్తి. నాలుగు ఇచ్చి ఆపినా నలభై ఇచ్చి ఆపినా మోసపోయినట్లుండదు. మా అక్క ఆ నాలుగూ విప్పి, వంటింట్లోకి ప్రశాంతంగా వెళ్లిపోయినది. కొనమని అడగలేదు. డెమోగా అది గెలుపో ఓటమో పెద్దలు తేల్చవలె.

"రేపటికని". ఈ మాటను అపహాస్యం కాకుండా వాడుకొన్న ఆట ఒకటున్నది, బ్లూ ప్రిన్స్. 2025 ఏప్రిల్‌లో వచ్చినది, దీనికీ ముందుగా డెమో ఉండెను. ఒక పెద్ద భవంతి, 45 గదులు. 46వ గదిని కనుగొనవలె. తలుపు తీసిన ప్రతిసారీ మూడు గదుల నమూనాలు చూపుదురు, ఒకటి ఎంచుకుంటే అదే అవతల వెలయును. రోజుకిన్ని అడుగులని లెక్క. అవి అయిపోతే రోజు అయిపోయినట్లే, తెల్లారితే ఇల్లు మళ్లీ మొదటికి వచ్చును. ఇంత "రేపు" ఆట కడుపులోనే ఉన్నప్పుడు, డెమో రేపటికని ఆపినా అది ఆటలో భాగమే అనిపించును. (ఉదాహరణలన్నీ వచ్చేసిన ఆటల నుంచే ఇస్తున్నారేమని అడుగవచ్చును. రాని ఆట మీద వ్రాస్తే అది వ్యాఖ్య కాదు, జోస్యము.)

"తాటాకు వ్రాయించి". కొందరు దీనిని తాటాకు చప్పుడని అర్థం చేసి, ఊరికే బెదిరింపు అన్నారు. అది కుదరదు. విష్‌లిస్ట్‌కు ఎక్కిన పేరు ఊరకే పోదు. ఆట విడుదలైన నాడు ఆ పట్టీలోని ప్రతివానికి కబురు పోవును. విడుదలకు ముందు, పట్టీ పొడవునుబట్టే అంగడి కూడా రాబోవు ఆటల్లో దానిని ముందు వరుసలో పెట్టుటో, మూలన పెట్టుటో జరుగును.

శంక: పూర్తి ఆట కొని, 14 రోజుల లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే స్టీమ్ డబ్బు వాపసు ఇచ్చును కదా, ఇంక డెమో ఎందుకు? సమాధానం: వాపసు వచ్చేదాకా ఆ డబ్బు మామయ్యదే. పైగా ఎత్తుల ఆటలో రెండు గంటలంటే కొన్నిచోట్ల మేకలు దిగడమే పూర్తి కాదు.

"ఆటవెలది". ఇది ఛందస్సు పేరు కూడా అని సూచన. ఇంతకూ ఎవరీ వెలది? పెద్ద కంపెనీ అనుకుంటిమి. విచారింపగా చాలాచోట్ల ఒక గదిలో ఒక మనిషి. 2024 ఫిబ్రవరి 20న వచ్చిన బలాట్రోను కెనడాలో ఒక్కడే కూర్చుని చేశాడు. లోకల్‌థంక్ అన్నది మారుపేరు, అసలు పేరు చెప్పడు. పేకముక్కల ఆటే, పందెం మాత్రం లేదు (మన వైపు పేకాట అనగానే తలుపు గడియ వైపు చూచుట అలవాటు గనుక చెప్పవలసి వచ్చె). డెమోతోనే నోళ్లలో పడి, వచ్చిన నెల తిరగకముందే 10 లక్షల ప్రతులు పోయినవి. హైదరాబాద్‌లోనూ చిన్న జట్లు లేకపోలేదు. ఓగర్ హెడ్ స్టూడియో వారి అసుర 2017లోనే వచ్చినది. మరొక సంగతి: ఒక ఆట నెక్స్ట్ ఫెస్ట్‌కు ఒక్కసారే రావచ్చును. తలుపు ఎక్కడ మూయవలెనో ఆ ఒక్క వారంలో తేలిపోవలె. తాటాకులు కొన్నే పడితే, మరో జాతర లేదు.

పాఠాంతరము. ఆమెకు జాతర ఒక్కటే కనుక మేనల్లుడు నాలుగో పాదాన్ని "ఆటవెలది యేల యాశపడును" అని చదువుచున్నాడు. ఆశపడినది వాకిట్లో నిలుచున్న మనం కాదు, లోపల గడియ పెట్టుకున్న ఆమెయే అని వాడి వాదం. మూడో పాదంలో "మూసితీవు" అని మొహం మీదనే పిలిచి, నాలుగో పాదంలో "ఆశపడును" అని పరాయిదాన్ని చేయుట పురుషము మార్చిన దోషమని నేను ఆక్షేపించితిని. "దోషం కాదు మామయ్యా, ఆమె మొహం చూసి అనలేక పక్కకి తిరిగి అన్నడు" అన్నాడు. గణములు, యతి రెంటికీ సరిపోయినవి. రెండు పాఠములునూ ఉంచడమైనది.