షిఫ్టు దిగేదాకా ఆగిన పాట

డిసెంబరు రాగానే గోదావరిఖని చౌరస్తాలో ఫ్లెక్సీలు లేస్తాయి. ఒక్కోదాని మీద ఒక్కో ప్రసంగీకుడి నిలువెత్తు ఫొటో, వెనకాల మంచు కొండలు, మంచు కప్పుకున్న చెట్లు, జింకలు లాగే బండి. చర్చిలోకి పోతే స్టేజీ నిండా దూది, థర్మాకోల్ పూసలు. యూత్ పిల్లలు డబ్బాలోంచి తెల్లటి నురగ చిమ్మి ఒకరి తల మీద ఒకరు కొట్టుకుంటారు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో ఈ మంచు ఎవరి కోసం? మాకు డిసెంబరులో కురిసేది గోదావరి మీద నుంచి లేచే పొగమంచు. దాంట్లో థర్మల్ స్టేషన్ బూడిద, ఓపెన్‌కాస్టు దుమ్ము కలుస్తాయి. తెల్లారి సైకిలు సీటు తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. మా క్రిస్మస్ చలి అది. అందులోనే పుట్టి పెరిగిన పిల్లలు దాన్ని దాచిపెట్టి ఎక్కడిదో మంచు తెచ్చి పోసుకుంటుంటే నాకు కష్టంగా ఉంటుంది.

అంతకన్నా కష్టం ఆ ఫ్లెక్సీల మీద ప్రకటించే సేవా వారం చూస్తే. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఓ యువ సేవకుడు కారులో దిగుతాడు. లాడ్జిలో గది. సాయంత్రం సభ. ఆ సౌండు బాక్సులకు పక్క వీధి కిటికీలు అదురుతాయి. నైట్ షిఫ్టుకు పోవాల్సినవాడు కాసేపు కన్ను మూద్దామంటే కుదరదు. మర్నాడు ఆసుపత్రి దగ్గర దుప్పట్ల పంపకం. దుప్పటి ఒక కొస తీసుకునేవాళ్ల చేతిలో, ఇంకో కొస ఇచ్చేవాళ్ల చేతిలో, అందరి మొహాలూ కెమెరా వైపు. ఒకసారి ఫొటో సరిగ్గా రాలేదని ఓ ముసలామె చేతిలో పెట్టిన దుప్పటి వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. కళ్లారా చూశాను. ఆమె ఎవరు, ఏ ఊరు, ఎవరి కోసం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది, ఒక్కరూ అడగలేదు.

మా రోజుల్లో ఇట్లా లేదు. నేను బాయి పనిలో చేరింది 1970ల్లో, తట్టా చెమ్మసుతో బొగ్గు నింపే కాలం. పల్లెల్లో పెళ్లాం పిల్లల్ని వదిలి ఒంటరిగా వచ్చినవాళ్లు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉండేవాళ్లు. మా పాస్టరు అయ్యగారు ఒక్కరే చుట్టుపక్కల ఊళ్లన్నీ చూసుకోవాలి. అందుకని పండుగకు వారం ముందు దైవశాస్త్రం చదివే కుర్రాడొకణ్ని మా సంఘానికి పంపేవాళ్లు. ఒక ఏడు వచ్చిన అబ్బాయి నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాడు. ఇరవై దాటి ఎన్నో ఏళ్లుండవు. మెదక్ దిక్కు పల్లె. ఒక రెక్సిన్ సంచి, ఒక చద్దరు. బస్సు దిగి మా క్వార్టరు అరుగు మీద కూర్చుని, ఇచ్చిన చాయ తాగి, మొదట అడిగిన మాట: "అన్నా, మన సంఘంల ఎవరిది ఏ షిఫ్టు?"

అడిగి నోటుబుక్కులో రాసుకున్నాడు. ఫస్ట్ షిఫ్టు వాళ్లు తెల్లారకముందే లేవాలి, వాళ్ల గుమ్మంలో అర్ధరాత్రి డోలక్ మోగొద్దు. నైట్ షిఫ్టు దిగినవాళ్లు పగలు పడుకుంటారు, వాళ్లింటికి పొద్దు వాలాకే పోవాలి. ఈ లెక్కన మా క్యారల్స్ ఒక వీధి పట్టుకుని తిన్నగా పోయేవి కావు. ఈ ఇల్లు ఇప్పుడు, దాని పక్కిల్లు రేపు మాపటికి. తిరగలేక కాళ్లు పీకేవి. అయినా ఏ ఒక్కరి నిద్రా చెడలేదు, ఏ ఒక్క ఇల్లూ తప్పలేదు.

సెకండ్ షిఫ్టు వాళ్లతోనే చిక్కు. వాళ్లు పైకొచ్చేసరికి ఊరు నిద్రపోతుంది. అందుకని ఆ అబ్బాయి మమ్మల్ని తీసుకుని ఇంక్లైన్ గని గేటు దగ్గరికే పోయాడు. వెదురు బద్దలకు గ్లేజు కాగితం అంటించిన నక్షత్రం ఒక గడకర్రకు కట్టుకుని పోయాం. పెట్రోమాక్స్ లైటు మాటిమాటికీ మసకబారుతుంటే డ్యూటీ దిగిన ముస్లిం సర్దారు ఒకాయన కింద కూర్చుని తనే గాలి కొట్టి పెట్టాడు. లాంప్ రూంలో క్యాప్ ల్యాంపులు అప్పజెప్పి మనుషులు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. ఒంటి నిండా బొగ్గు, చలికి నోట్లోంచి ఆవిరి. డోలక్ లేదు, తాళాల్లేవు, గొంతులే. పాటయ్యాక ఆ అబ్బాయి రెండు ముక్కలు మాట్లాడాడు. యేసు పుట్టిన సంగతి దేవదూత మొదట చెప్పింది రాజులకు కాదు, గొర్రెల మంద దగ్గర రాత్రి డ్యూటీ మీద ఉన్నవాళ్లకు, మీలాంటి నైట్ షిఫ్టు మనుషులకు అన్నాడు. అంతే. ఆ తర్వాత పెద్ద పెద్ద సభల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాను. వాటిలో ఏదీ ఇంతగా గుర్తులేదు. ఆ రాత్రి గేటు దగ్గర ఆగినవాళ్లలో క్రైస్తవులు కొద్దిమందే. అయినా పాట అయ్యేదాకా ఎవరూ కదల్లేదు.

పగలు అతని పని వేరే. అప్పట్లో మాలో చదువొచ్చినవాళ్లు తక్కువ. జీతం రోజున ఇంటికి మనియార్డరు పంపాలంటే ఎవరో ఒకరిని బతిమాలాలి, కొందరైతే ఫారం నింపినందుకు పైసలు కూడా తీసుకునేవాళ్లు. ఆ అబ్బాయి పోస్టాఫీసు వరండాలో కూర్చుని ఫారాలు నింపేవాడు. ఫారం అడుగున మాట రాసే చిన్న జాగా ఉండేది. "ఇక్కడ ఏం రాయాలె అన్నా?" అనేవాడు. బొగ్గు గోడ ముందు భయమెరుగని మనిషి అక్కడ తల వంచుకుని నిలబడేవాడు, మాట పెగిలేది కాదు. అబ్బాయి కలం పట్టుకుని అట్లాగే ఆగేవాడు, తొందరపెట్టేవాడు కాదు. చివరికి ఎప్పటికో, పాపకు జ్వరం తగ్గిందా రాయి అనో, పండక్కి రాను, ప్లేడేకు, అంటే సెలవు రోజు డ్యూటీకి, నిలబడితే పైసలొస్తయని రాయి అనో వచ్చేది. ఆ వారంలో బాయిలో మొగుడు పోయిన ఒకామెకు ప్రావిడెంట్ ఫండు కాగితాలు తయారుచేసి, ఆమె వెంట ఆఫీసులు తిరిగాడు. ఆమె మా సంఘం మనిషి కాదు.

అతని తిండి మా ఇళ్లలోనే, వంతులవారీగా. ఇది కూడా చెప్పాలి. మా సంఘంలోనూ మాల మాదిగ పట్టింపు ఉండేది. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర కలిసి మోకరించేవాళ్లం, ఇంటికొచ్చాక మాత్రం ఒకరింట్లో ఒకరు తినేవాళ్లం కాదు. ఆ అబ్బాయి పొద్దున ఒకరింట్లో గటక తాగి, రాత్రికి ఇంకొకరింట్లో కూర్చుని, పొద్దున తిన్న ఇంటివాళ్లను కూడా వెంటబెట్టుకుని పోయేవాడు. పిల్లవాడు పిలుచుకొస్తే పీట వేయక ఏం చేస్తారు? నీతులు చెప్పకుండానే ఆ పని జరిపించాడు.

ఇదంతా ఆ ఒక్క అబ్బాయి మంచితనమేనని అనుకోను. అట్లా పని చేయడం ఈ నేలమీదే ముందటివాళ్లు నేర్పి పెట్టిన పద్ధతి. యెల్లందు, కొత్తగూడెం నుంచి బదిలీ మీద వచ్చిన మా పెద్దలు డోర్నకల్ సంగతులు చెప్పేవాళ్లు. 1871లో విలియం కింగ్ యెల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది, ఆ బొగ్గు రైలు డోర్నకల్ జంక్షన్‌కు చేరేది. ఆ డోర్నకల్‌కే 1909లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య కాపురం వచ్చాడు. తిరునెల్వేలి దిక్కు తమిళుడు. పరాయి దేశపు డబ్బు, పరాయి దేశపు మనుషులు లేకుండా మన సువార్త పని మనమే చేసుకోవాలని 1903లో తిరునెల్వేలిలో ఒక సంఘం పెట్టించినవాళ్లలో ఆయన ఒకడు. 1905లో సరిగ్గా క్రిస్మస్ రోజున సెరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ పుడితే దానికీ కార్యదర్శి ఆయనే. మన దగ్గరికొచ్చి తెలుగు నేర్చుకున్నాడు, ఎడ్లబండి మీద మాల మాదిగ పల్లెలు తిరిగాడు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాక కూడా డోర్నకల్ వదల్లేదు. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడూ, కూలీ అయినా సరే, సువార్త చెప్పేవాడే అని నేర్పాడు. ఆయన కట్టించిన డోర్నకల్ కెథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. దాని గుమ్మటాలు మసీదును, స్తంభాలు దేవాలయాన్ని గుర్తు చేస్తాయి. అంత చదువుకున్నవాడు, విలాయతు చూసొచ్చినవాడు, అక్కడి రూపాన్ని ఇక్కడ దించలేదు. మన రాయి, మన చేతిపని చాలన్నాడు.

మెదక్‌లో మెథడిస్టు మిషనరీ పోస్నెట్ దొర ఇంగ్లండు మనిషే, అయినా ఆయనదీ ఇదే దారి. కరువులో జనం మాడుతుంటే గుడి కట్టే పని ఇచ్చి అన్నం పెట్టాడు. ఆ గుడి తలుపులు తెరిచింది 1924 క్రిస్మస్ నాడు. మా సంఘంలో సగం అక్కడి మెథడిస్టు పల్లెల మనుషులు, సగం డోర్నకల్ దిక్కు మనుషులు. 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడినప్పుడు కాగితం మీద ఒకటైన రెండు పాయలు నిజంగా కలిసింది ఇట్లాంటి క్వార్టర్లలోనే.

ఆ పద్ధతి చాలాకాలం నిలిచింది. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. ఆ ఏడు మా క్యారల్స్ డోలక్ లేకుండా తిరిగాయి. ఏ గడప ముందు పాడాలో, ఏ గడప ముందు ఊరికే నిలబడి రావాలో అప్పటి పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇప్పటివాళ్లకు ఆ తెలివి లేదని అనను. దాన్ని వాడే సందు దొరకడం లేదు. మైకు ఉన్నచోట నిశ్శబ్దంగా నిలబడడం ఎవరికి సాధ్యం?

ఒక్కటి మాత్రం ఇప్పుడే బాగుంది. అప్పట్లో ఆడపిల్లల్ని రాత్రి క్యారల్స్‌కు పంపేవాళ్లం కాదు. ఇప్పుడు పాట ఎత్తుకునేదే వాళ్లు. అందులో ఇద్దరు ముగ్గురి గొంతు వింటే నా కోపమంతా కాసేపు పక్కకు పోతుంది.

మొన్న కమిటీ మీటింగులో ఇదంతా చెబితే ఒక పిల్లవాడు మర్యాదగానే అడిగాడు. "తాతా, ఇప్పుడు ఎవరికి ఉత్తరాలు రాయాలె? అందరి చేతుల్ల ఫోన్లున్నయి గదా. కాలనీలల్ల మనుషులే లేరు." మనుషులే లేరన్న మాట నిజమే. 1990ల మొదట్లో సింగరేణిలో పర్మినెంటు కార్మికులు లక్షకు పైగా ఉండేవాళ్లు, ఇప్పుడు 40 వేల దగ్గరికొచ్చారు. ఇంక్లైన్లు ఒక్కొక్కటే మూతబడుతున్నాయి, ఓపెన్‌కాస్టులొచ్చాయి. మా పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్నారు, పండుగ ఆరాధన ఫోన్లో చూస్తారు.

కానీ మనుషులు లేకపోలేదు. ఓపెన్‌కాస్టులో మట్టి తీసే కాంట్రాక్టు డ్రైవర్లున్నారు. ఎన్టీపీసీకి, ఎరువుల ఫ్యాక్టరీకి బీహారు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలున్నారు. రేకుల గదుల్లో నలుగురైదుగురు, అచ్చం మేము వచ్చినప్పుడు ఉన్నట్టే ఉన్నారు. ఒక సాయంత్రం పాలకని పోతూ వాళ్ల గది ముందు ఆగాను. ఒకతను ఫోను నా మొహం ముందు పెట్టి ఏదో అడిగాడు. నా వచ్చీరాని హిందీలో అర్థమైందేమంటే, పీఎఫ్‌లో అతని పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది, పైసలు రావడం లేదు. ఎవరిని అడగాలో తెలీదు. మా చర్చి యూత్‌లో కంప్యూటర్ చదివినవాళ్లు ఎంతమంది లేరు? ఆ పని వాళ్లకు ఎంతసేపు? మనియార్డరు ఫారం పోయి ఈ ఫారం వచ్చింది, నింపేవాడి కోసం చూసే మనిషి మాత్రం అట్లాగే నిలబడి ఉన్నాడు. ఆ పిల్లవాడికి అదే చెప్పాను. అతను ఎదురు చెప్పలేదు, ఆ గదులు ఎక్కడని అడిగాడు.

డిసెంబరు 23 సింగరేణి ఆవిర్భావ దినం, ఆ రోజు గ్రౌండులో స్టాళ్లు, ఆటపాటలు ఉంటాయి, ఊరంతా అక్కడే. కాబట్టి 19 నుంచి 22 దాకా ఆ గదుల దగ్గర కూర్చోవాలని, పీఎఫ్ కాగితాలు, ఆధార్ సవరణలు, ఆసుపత్రి చీటీలు ఏముంటే అవి చూడాలని కమిటీ ముందు పెట్టాను. వాళ్లు ఏ మతమని అడగొద్దు, ఫొటో తీయొద్దు. హిందీ వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు మేం వస్తామని చేయెత్తారు. వాళ్ల వెంట తల్లులు కూడా వస్తారట. స్టేజీకి, సౌండుకు పెట్టే ఖర్చులో సగం తగ్గించాలన్న మాట మీద మాత్రం గొడవ ఇంకా తెగలేదు. తెగేదాకా ప్రతి మీటింగులోనూ లేస్తాను.

ఈ ఏడు సేవకు వచ్చే కుర్రాడికి లాడ్జి బుక్ చేయొద్దని కూడా చెప్పాను. కొడుకు పోయినప్పటి నుంచి, అంటే ఉద్యోగానికి హైదరాబాదు పోయినప్పటి నుంచి, మా ముందు గది ఖాళీగానే ఉంది. మంచం ఉంది, దుప్పటి ఉంది. మా ఇంటామె సకినాలకు పిండి ఆడిస్తానంటోంది.