కప్లరరిగెనేమొ కాంచుమోయి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం:

కాలు నొక్కగానె గలగల మనెనేని
నాకటంచు వెంట నమ్మవలదు
మేలి తైలమునను మెత్తబడకయున్న
కప్లరరిగెనేమొ కాంచుమోయి

ప్రతిపదార్థం: కాలు = యాక్సిలరేటరు మీది కుడికాలు; నొక్కగానె = అదిమిన మరుక్షణమే; గలగలమనెనేని = బానెట్టు కింద రేకుడబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు చప్పుడైతే; నాకు + అటంచు = ఇది ఇంజను నాకింగేనని; వెంట = స్కానరు చూసీ చూడగానే; నమ్మవలదు = నమ్మకూడదు; మేలి తైలమునను = ఖరీదైన పెట్రోలు పోసినా (తైలమంటే ఇక్కడ ఇంజనాయిలు కాదు); మెత్తబడకయున్న = తగ్గకపోతే; కప్లరు = సూపర్‌చార్జరు ముందుభాగంలో, పుల్లీ షాఫ్టుకూ రోటర్ల గేర్లకూ నడుమ ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క; అరిగెనేమొ = అరిగిపోయిందేమో; కాంచుము = విప్పి చూడు; ఓయి = కారు యజమానికి సంబోధన. మెకానిక్కుకు ఈ సంగతి ముందే తెలుసు, బిల్లు వేశాక చెబుదామని ఆగి ఉంటాడు.

కర్త ఎవరని శోధించే శ్రమ అక్కర్లేదు. పద్యం ఈ టీక కోసమే పుట్టింది.

పద్యం ఉద్దేశించిన బండి పాంటియాక్ గ్రాండ్ ప్రీ జిటిపి, 1997 నుంచి 2003 దాకా వచ్చిన తరం. అందులోది ఎల్67 ఇంజను: 3.8 లీటర్ల వి6, 240 గుర్రాల బలం, నెత్తిన ఈటన్ ఎం90 సూపర్‌చార్జరు. ఒక్క చుట్టుకు 90 ఘనపుటంగుళాల గాలిని లోపలికి తోస్తుంది గనుక ఎం90. ప్రబంధ మర్యాద ప్రకారం వంశవర్ణన కూడా చేయాలి. మూలపురుషుడు 1960ల తొలినాళ్ల బ్యూయిక్ వి6. జనరల్ మోటార్స్ 1967లో ఆ ఇంజను యంత్రసామగ్రిని జీపు తయారీదారు కైజర్‌కు అమ్మేసింది. పెట్రోలు కరువొచ్చాక 1974లో తిరిగి కొనుక్కుంది. ఇంటి ఆవును అమ్ముకుని మళ్లీ సంతలో కొనుక్కున్న ఘనత ఆ సంస్థది. అదే వంశంలోని 1978 బ్యూయిక్ టర్బోకి నాక్ సెన్సరు పెట్టారు. అంటే మన పద్యంలోని చిక్కుకు బీజం ఆనాడే పడింది.

అసలు నాకింగ్ ఏమిటి? స్పార్కుప్లగ్గు అంటించిన మంట సిలిండరులో పాకుతూ ఉండగా, ఇంకా దాని వంతు రాని మూలనున్న పెట్రోలు ఆవిరి వేడికీ ఒత్తిడికీ తాళలేక తనంతట తాను భగ్గుమంటుంది. పుట్టిన ఒత్తిడి తరంగాలు సిలిండరు గోడల మధ్య ఇటూ అటూ కొట్టుకుంటాయి. ఆ మోత స్థాయి సిలిండరు వెడల్పును బట్టి ఉంటుందని 1930ల్లో ఎంఐటీలో చార్లెస్ స్టార్క్ డ్రేపర్ లెక్కగట్టాడు. తర్వాతి రోజుల్లో అపోలో నౌకలకు చంద్రుడి దారి చూపిన యంత్రాంగం తయారైంది ఆయన ప్రయోగశాలలోనే. 96.5 మిల్లీమీటర్ల ఎల్67 సిలిండరుకు ఆయన సూత్రం వర్తింపజేస్తే సెకనుకు సుమారు 6,000 కంపనాలు తేలతాయి. ఇంజను బ్లాకుకు బిగించిన సెన్సర్లు ఆ ప్రాంతపు కంపనం కోసమే చెవి ఒగ్గి ఉంటాయి. వినపడితే కంప్యూటరు స్పార్కు టైమింగును నాలుగైదు డిగ్రీలు వెనక్కి లాగుతుంది. ఇంజను బతుకుతుంది, బలం తగ్గుతుంది.

పూర్వపక్షం: స్కానరు ఆరు డిగ్రీలు వెనక్కి లాగానని చూపిస్తోంది, యంత్రం అబద్ధమాడుతుందా?

సమాధానం: ఆడదు. అయితే అది చెప్పేది చప్పుడు విన్నానని మాత్రమే. ఆ చప్పుడు ఎవరు చేశారో దానికి తెలియదు. సైలెన్సరు గొట్టం బాడీకి తగిలినా, వేడి రేకు వదులై అదిరినా, ఆ మోతలో 6,000 పాలు కాస్త ఉంటే చాలు, శిక్ష టైమింగుకే.

అలాగని ప్రతి నాకూ బూటకమేనని కొట్టిపారేయడమూ తప్పే. ఈ బండికి కంపెనీ ఇంటర్‌కూలర్ ఇవ్వలేదు. గాలి నలిగి వేడెక్కి నేరుగా లోపలికి పోతుంది. కంపెనీ 3.8 అంగుళాల పుల్లీ తీసి 3.4 అంగుళాలది వేసుకున్న కుర్రాడి బండిలో నాకింగ్ వస్తే అది నిఖార్సైనదే అయ్యే అవకాశం ఎక్కువ. పిస్టను పగిలాక టీకలు పనికిరావు.

కాబట్టి మూడో పాదమే పద్యానికి ప్రాణం. రేసు పెట్రోలు, అంటే 100 ఆక్టేన్‌ది, పోసి అదే రోడ్డు మీద అదే గేరులో తొక్కి చూడాలి. స్కానరులో అంకె పడిపోతే నిజమైన నాకింగ్. చెక్కుచెదరకపోతే దొంగది. టైమింగును కావాలని రెండు మూడు డిగ్రీలు తగ్గించి చూసినా ఇదే తీర్పు. స్పార్కుప్లగ్గు పింగాణీ మీద మిరియపు పొడిలాంటి మచ్చలూ అల్యూమినియం చుక్కలూ కనిపిస్తే ఇక వాదన లేదు, అది నిజమే. తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక హెచ్చరిక: అమెరికా బంకు మీది 91, మన బంకులోని 91 ఒకటి కావు. వాళ్లది రెండు కొలతల సగటు. మన లెక్కలో అది సుమారు 95 అవుతుంది.

నాలుగో పాదంలో మాత్రం కవి జారాడు. కప్లరు అరిగితే గలగల వినిపించేది ముఖ్యంగా బండి నిలబడి ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు. కాలు నొక్కితే బెల్టు లాగుడుకు ఆ సందు మూసుకుని చప్పుడు తగ్గుతుంది. బెల్టు తీసి ఇంజనును కొద్దిసేపు తిప్పితే మోత ఆగిందా, కప్లరుదే నేరం. కాలు నొక్కినప్పుడే వచ్చే మోతకు ముందు ఇంజను పైన ఉండే డాగ్‌బోన్ మౌంట్లను అనుమానించాలి. అడ్డంగా కూర్చున్న ఈ వి6 యాక్సిలరేటరు పడగానే వెనక్కి ఊగుతుంది. మౌంటు రబ్బరు చచ్చిపోయి ఉంటే గొట్టం పోయి బాడీకి కొట్టుకుంటుంది. యతి కుదరాలని కవి కప్లరును పట్టుకున్నాడు.

సెన్సరు వైరు పీకేస్తే పీడ పోతుందని చెప్పే పాఠం ఒకటి గ్యారేజీల్లో చెలామణిలో ఉంది. అది ప్రక్షిప్తం. వైరు పీకగానే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, నాక్ సెన్సరు లోపమని కోడు పడుతుంది, చెవిటిదైన కంప్యూటరు జాగ్రత్త కొద్దీ టైమింగును తానే తగ్గించి కూర్చుంటుంది.