బెండాకుకు పంచామృతాభిషేకం

కార్తీకం దాటి రాత్రిళ్లు చల్లబడగానే మన మిద్దెల మీద రెండు పంటలు విరగకాస్తాయి. ఒకటి బూడిద తెగులు, రెండోది దానికి మందు చెప్పేవాళ్లు. తెగులుకు కాస్త పట్టింపు ఉంది. బెండ, బీర, సొర, దోస, మిరప అంటూ తనకు నచ్చిన మొక్కలనే ఎంచుకుంటుంది. మందు చెప్పేవాళ్లకు అలాంటి పట్టింపులేం లేవు. లిఫ్టులో కనబడినవాళ్లకూ చెబుతారు, ఇంట్లో తులసి కుండీ కూడా లేనివాళ్లకూ చెబుతారు.

తెగులు తీరు చూడండి. కింది వరస ముదురాకు మీద చిటికెడు పిండి రాలినట్టు ఒక చుక్క కనిపిస్తుంది. వేలితో రాస్తే వేలికి అంటుతుంది, దాని కింద ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది. దుమ్మేమోలే అనుకుని ఊరుకుంటాం. వారం తిరిగేసరికి చుక్కలన్నీ కలిసిపోయి ఆకంతా తెల్లబడుతుంది. ఆ తెల్లదనమంతా శిలీంధ్రపు దారాలూ, వాటి మీద వరసగా పుట్టుకొచ్చే బీజాలూ. దారాలు ఆకు పైనే పాకుతూ, పైపొర కణాల్లోకి సన్నటి గొట్టాలు దింపి తిండి లాక్కుంటాయి. ఆకు పసుపెక్కి, అంచుల నుంచి ఎండి, రాలుతుంది. కాయ చిక్కుతుంది. ఇంతవరకూ శిలీంధ్రం పని. ఇక మన పని మొదలవుతుంది.

సోమవారం పాలు. మంగళవారం పుల్ల మజ్జిగలో ఇంగువ. బుధవారం వంటసోడా, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు. గురువారం పసుపు నీళ్లు. శుక్రవారం వేపనూనె, కుంకుడు రసం. శనివారం వెల్లుల్లి కషాయం. ఏది పనిచేస్తుందో తెలియదు గనక అన్నీ చల్లడమే మేలన్నది సిద్ధాంతం. గుళ్లో శివుడికైనా అభిషేకానికి ఓ వేళ, ఓ వరస ఉంటాయి. బెండాకుకు ఆ మర్యాద కూడా లేదు. తేనె, నెయ్యి ఒక్కటే తక్కువ. అవి కూడా పోస్తే తీర్థం పట్టుకోవడానికి చెయ్యి చాచాల్సిందే.

వీటన్నిటికీ తలమానికం ఒకటుంది. మా పై అంతస్తు పిన్నిగారు ఓ సాయంత్రం మిద్దె మీద జల్లెడ పట్టుకుని కనిపించారు.

"బూడిదకు బూడిదే మందట బాబూ! ఊరి నుంచి కట్టెల బూడిద తెప్పించి మరీ జల్లాను."

"తగ్గిందా పిన్నిగారూ?"

"ఎలా తెలుస్తుంది బాబూ, ఇప్పుడంతా తెల్లగానే ఉందిగా!"

ఇంత నిజాయితీ మందు కనిపెట్టినవాడికి ఉంటే బాగుండేది. మన పెద్దలు చిక్కుడు పాదుకు బూడిద జల్లిన మాట వాస్తవమే. అది పేనుబంక కోసం. పేరులో బూడిద ఉందని ఈ తెగులుకు తెచ్చి జల్లడం మన సొంత పరిశోధన.

ఈ వంటింటి వైద్యమంతా ఉత్త గాలికబురేనా అంటే, కాదు. నాకు మంట పుట్టించేది సరిగ్గా అదే. పాల సంగతే తీసుకుందాం. బ్రెజిల్‌లో వాగ్నర్ బెత్తియోల్ అనే శాస్త్రవేత్త ఆవుపాలను నీళ్లలో కలిపి, గ్రీన్‌హౌస్‌లో పెంచిన జుకినీ గుమ్మడి మీద చల్లి, 1999లో ఫలితాలు ప్రచురించాడు. పది శాతం, అంతకు మించిన మోతాదుల్లో పాలు ఆనాటి శిలీంధ్రనాశినులకు దీటుగా పనిచేశాయి. నిజమైన పరిశోధన, నిజమైన ఫలితం. ఇప్పుడు ఆ ఫలితం బ్రెజిల్ నుంచి మన మిద్దెకు వచ్చిన దారి చూడండి. "పది శాతం" దారిలో ఎక్కడో జారిపోయింది. "వారానికోసారో రెండుసార్లో, మానకుండా" అన్నది సముద్రంలో పడింది. "గ్రీన్‌హౌస్‌లో" అన్నది విమానమే ఎక్కలేదు. చివరికి మన చేతికందింది ఒక్క మాట: "పాలు పొయ్యండి."

పోశాం. చిక్కటి పాలు, ఒకేసారి, ఆకంతా ఎండిపోవడానికి సిద్ధమయ్యాక. అదీ సాయంత్రం పూట, ఎందుకంటే ఏ మందైనా సాయంత్రమే కొట్టాలని ఎవరో చెప్పారు. ఆస్ట్రేలియాలో ద్రాక్ష మీద ఈ పాలతోనే పనిచేసినవాళ్లు చెప్పిందేమిటంటే, పాలు పనిచేయడంలో ఎండ పాత్ర ఉంది, వెలుతురు తగిలినప్పుడు జరిగే రసాయన చర్యే శిలీంధ్రాన్ని దెబ్బతీస్తున్నట్టుంది అని. మనం సూర్యుణ్ణి ఇంటికి పంపేసి పాలు పోస్తాం. తెల్లారేసరికి ఆకు మీద పాలు పులిసి, దాని మీద ఇంకో బూజు పుట్టి, కుండీ చుట్టూ చీమలు బారులు తీరతాయి. "తెగులు ముదిరింది" అని ఈసారి ఇంకో ప్యాకెట్టు కత్తిరిస్తాం.

పాలలోనూ వర్ణభేదాలు మొదలయ్యాయి. ప్యాకెట్ పాలు పనికిరావట, దేశీ ఆవు పాలే కావాలట. ఇక్కడొక చిన్న పక్కమాట. మన ఒంగోలు జాతి సంతతి బ్రెజిల్‌లో కోట్ల సంఖ్యలో ఉంది, నెల్లూరు పేరు మీద దాన్ని అక్కడ నెలోర్ అంటారు. ఈ సంగతి బయటపడితే రేపు "బ్రెజిల్‌వాళ్లు వాడింది మన ఒంగోలు ఆవు పాలే" అని ప్రచారం మొదలవుతుందేమోనని నా భయం. ముందే చెబుతున్నాను: ఆ జాతిని అక్కడ పెంచేది ముఖ్యంగా మాంసానికి.

వంటసోడా కథ కూడా ఇదే. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంవాళ్లు 1992లో గులాబీల మీద సోడాను తోటల్లో వాడే నూనెతో కలిపి పరీక్షించారు, మేలు కనిపించింది. మన దగ్గరికొచ్చేసరికి నూనె పోయి గిన్నెల లిక్విడ్ వచ్చింది, చెంచా కాస్తా గుప్పెడయింది. గిన్నె మీది జిడ్డును వదిలించేది ఆకు మీది మైనపు పొరను వదిలించదా? ఇక సోడాలోని సోడియం వర్షానికి కొట్టుకుపోవడానికి అది పొలం కాదు, బక్కెటంత కుండీ. వారం వారం అందులోనే పేరుకుంటుంది. ఆకు అంచులు మాడతాయి. మాడిన అంచును చూసి అది కూడా తెగులే అనుకుని మళ్లీ సోడా.

"అయినా సహజమైనవే కదండీ, కెమికల్ కాదు కదా" అన్నది అన్నిటికీ చివర పడే ముద్ర. ఈ ముద్ర వేసేవాళ్లు వంటసోడా చెట్టుకు కాస్తుందనుకుంటారో ఏమో! ఉప్పు, సున్నపురాయి, అమ్మోనియా పెట్టుకుని ఫ్యాక్టరీల్లో తయారయ్యే సరుకది. మరోవైపు, భూమిలో దొరికే గంధకాన్ని చూపిస్తే "అమ్మో, మందు!" అని వెనక్కి జరుగుతారు. సేంద్రియ సాగు నియమాల్లో గంధకానికి చోటుంది. ఈ తెగులు మీద దాని అనుభవం రెండు వందల ఏళ్లది. 1821లో రాబర్ట్‌సన్ అనే తోటమాలి పీచ్ చెట్ల బూడిదకు గంధకం పనిచేస్తుందని చెప్పాడు. 1845లో ఇంగ్లండ్‌లోని మార్గేట్‌లో టకర్ అనే ఇంకో తోటమాలి ద్రాక్ష మీద బూడిదను మొదట గమనించాడు. అది కొన్నేళ్లకే ఫ్రాన్సు ద్రాక్షతోటలన్నిటినీ కమ్మేస్తే, వెర్సాయ్ తోటల్లో పనిచేసే గ్రిసోన్ గంధకం, సున్నం కలిపి ఉడికించిన నీళ్లతో 1852లో దారి చూపించాడు. వీళ్లెవరూ ప్రయోగశాలల్లో కూర్చున్న ప్రొఫెసర్లు కారు. మనలాగే చేతికి మట్టి అంటినవాళ్లు. కాకపోతే కొలిచారు, చూశారు, అప్పుడు చెప్పారు.

గంధకానికీ గుణదోషాలున్నాయి. బెండకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చొప్పున వాడమని మన వ్యవసాయ శాఖవాళ్లు ఏనాటి నుంచో చెబుతున్నారు. అదే చేత్తో తీగజాతి కూరగాయల మీద కొట్టొద్దని కూడా చెబుతారు, వాటిలో చాలావాటికి అది పడదు, ఆకు మాడుతుంది. మండుటెండల్లో కొట్టకూడదు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు అసలే కొట్టకూడదు. మన శుక్రవారం, శనివారం పద్ధతిలో అయితే మొక్కకు తెగులు అవసరమే ఉండదు.

ఎకరాల లెక్కన తయారైన డబ్బాను నాలుగు కుండీలవాడికి అంటగట్టే మందుల కొట్టువాణ్ణి నేనేం సమర్థించడం లేదు. మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కాయ కోయాలని డబ్బా మీద రాసి ఉంటుంది. రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోయే బెండకాయకు ఆ ఆగడం ఎలా కుదురుతుందో అతణ్ణి అడిగి చూడండి, చిల్లర లెక్కపెట్టుకుంటూ ఉండిపోతాడు.

ఇక అన్ని వాదాలకూ బ్రహ్మాస్త్రం: "ఏమోనండీ, మా మిద్దె మీద మాత్రం తగ్గింది." తగ్గే ఉంటుంది. మందు కొట్టేముందు మీరు పాడైన ఆకులన్నీ తుంచేశారు, దానివల్ల తగ్గింది. పైన లేత ఆకులు కొత్తగా వచ్చాయి, వాటికింకా అంటలేదు. మధ్యలో వానపడింది, ఆకుల మీది బూడిద కడుక్కుపోయింది. ఈ శిలీంధ్రపు బీజానికి గాలిలో తేమ ఉంటే చాలు, ఆకు మీద నీళ్లు నిలిస్తే సరిగా మొలకెత్తలేదు. వాన చేసిన పనికి పేరు ఇంగువకొచ్చింది. అసలు సంగతి తేలాలంటే పక్కపక్కనున్న రెండు మొక్కల్లో ఒకదానికి చల్లి, రెండోదానికి ఉత్త నీళ్లు కొట్టి చూడాలి. బెత్తియోల్ చేసింది అదే. మన మిద్దెల మీద ఆ ఉత్త నీళ్ల మొక్క ఎక్కడా కనపడదు. పాపం, దానికి మాత్రం అన్యాయం ఎలా చేస్తామండీ అంటారు.

అంతకన్నా ముందు, వచ్చింది బూడిదేనా అని చూసేవాళ్లెందరు? ఆకు పైన పసుపు మచ్చలు ఈనెల మధ్య గళ్లుగా ఏర్పడి, అడుగున మసకబూజు కనిపిస్తే అది బూజు తెగులు. దానికి తడి కావాలి. దీనికి నీళ్లు కొట్టినట్టు దానికి కొడితే భోజనం పెట్టినట్టే. దూదిలా ముద్దలు కట్టి కదిలేది పిండినల్లి, అది పురుగు. మిరప బూడిద ఇంకో రకం, ఆకు లోపల కాపురం పెట్టి అడుగువైపు తెల్లగా కనిపిస్తుంది, పైన ఎంత పాలాభిషేకం చేసినా దానికి చినుకు కూడా తగలదు. కొన్ని రకాల గుమ్మడికి ఈనెల వెంట వెండి మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి, వాటికీ వైద్యం జరుగుతోంది. గులాబీ నుంచి బీరకు అంటిందని గులాబీని మిద్దె దింపినవాళ్లున్నారు. గులాబీ మీదిది వేరే జాతి, దానికి బీర మీద ఆసక్తి లేదు.

ఓ ఉదయం తెల్లబడ్డ సొరాకును దగ్గరగా పెట్టుకుని చూడండి. అదృష్టముంటే నిమ్మపసుపు రెక్కల చిన్న అక్షింతల పురుగు కనిపిస్తుంది. రెక్కల మీద చుక్కలుండవు, మెడ మీద తెల్లటి పట్టీలో రెండు నల్లచుక్కలుంటాయి. ఇల్లీస్ అంటారు దాన్ని. ఆకును కొరకదు, ఆ బూడిదనే మేస్తుంది. అది మేసుకుంటూ వెళ్లిన చోట ఆకు మీద పచ్చటి దారి పడుతుంది, దాని పిల్లపురుగులదీ అదే తిండి. తెగులంతటినీ అదొక్కటే తినేస్తుందని కాదు గానీ, ఫీజు అడగని పనిమనిషి. మనవాళ్లు దాన్ని చూడగానే "అదిగో, తెగులు తెచ్చిన పురుగు!" అని వేపనూనె డబ్బా తెరుస్తారు.

మూలం చూడబోతే మూడడుగుల స్థలంలో పది కుండీలు ఇరికించడం, నీళ్ల ట్యాంకు నీడన పందిరి వేయడం, కాయలు ఎక్కువ రావాలని వారం వారం ఆవచెక్క నీళ్లు పోసి ఆకును మెత్తగా, లేతగా, శిలీంధ్రానికి ఇష్టమైనట్టు పెంచడం. కుండీలు ఎడంగా జరపాలంటే నడుం నొప్పి. పాలు పోయడం తేలిక. విత్తనం దగ్గరే జాగ్రత్తపడదామంటే దానికీ దారుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క అజిత్ బఠానీకి, అర్క మాణిక్ పుచ్చకు ఈ తెగులును తట్టుకునే గుణం ఉంది. కానీ ఆ మాటెత్తితే "మావన్నీ నాటు విత్తనాలండీ" అని గర్వంగా చెప్పి, ఆ నాటు మొక్కకు సోడా కలుపుతారు.

ఎవరూ వీడియో తీయని వైద్యం ఇంకోటుంది: పీకేయడం. నెలల తరబడి కాసి, నిలువెత్తు పెరిగి, కింద ఆకులన్నీ రాలి, కొసన రెండు గిడస కాయలతో నిలబడ్డ బెండ మొక్కకు వచ్చింది తెగులే అయినా, దానికి అసలు వచ్చింది ముసలితనం. దాన్ని బతికించి సాధించేదేముంది? "ప్రాణమున్న మొక్కను ఎలా పీకమంటారండీ" అని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లకు సంక్రాంతి దగ్గర్లోనే ఉంది, భోగిమంటలో పాత చీపుర్లతోపాటు వేసేయొచ్చు. ఖాళీ అయిన కుండీలో మట్టి గుల్లచేసి తోటకూర చల్లండి. మూడు నాలుగు వారాల్లో ఆకు కోతకొస్తుంది. ఆ ఆకు అడుగున తెల్లటి బుడిపెలు కనిపిస్తే అది తెల్లమచ్చ తెగులు, బూడిదకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. పాల ప్యాకెట్టును ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి.