కుందేళ్ళ సంధి: టీకా తాత్పర్య సహితం

కలహపడిన కుందేళ్ళకుఁ గంచె కట్టి
తొట్టె లటునిటు మార్చుచుఁ దొలుత కొన్ని
దినము లాఁగి కొత్తగదిలో దించి నడుమ
గడ్డికుప్పఁ బోసిన నవి కలసి మేయు

అవతారిక: ఈ తేటగీతి కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటులో, ఫ్రిజ్ తలుపు మీద, గ్యాస్ బుకింగ్ నంబరు కింద దొరికింది. కర్త ఎవరో తేలలేదు. ఇంటాయన తనది కాదంటాడు, ఇల్లాలు నవ్వి ఊరుకుంటుంది. ఆ ఇంట్లో బూరె, గారె అని రెండు ఆడ కుందేళ్ళు. ఒకదాని మీద ఒకటి ఒరిగి నిద్రపోయేవి. గారెను పళ్ళు చూపించడానికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి తెచ్చిన సాయంత్రం బూరె దాని మీద పడింది. హాలంతా తెల్ల బొచ్చు, సోఫా కింద గారె. పద్యం ఆ తర్వాతిదే.

ప్రతిపదార్థం

కలహపడిన = పోట్లాడుకున్న. పద్యమంతా ఈ ఒక్క మాట మీద నిలబడింది కనుక ఇక్కడ కాస్త ఆగాలి. కుందేలు మనిషిని మొహం చూసి గుర్తుపడుతుందేమో గానీ, తోటి కుందేలును గుర్తుపట్టేది ముఖ్యంగా వాసనతోనే. స్పిరిటు, కుక్క, ఎవరి చేతులదో సబ్బు, ఇన్ని పూసుకుని వచ్చిన గారె బూరె ముక్కుకు గారె కాదు, ఇంట్లో చొరబడ్డ పరాయిది. ఇది పగ కాదు, గుర్తు తప్పడం. డాక్టరు దగ్గరికి రెండింటినీ ఒకే బుట్టలో తీసుకెళ్ళమని తెలిసినవాళ్ళు చెప్పేది అందుకే. నొప్పో జబ్బో ఉన్నదాన్ని రెండోది తరిమే సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి సంధికి ముందు వైద్యపరీక్ష. బొచ్చు విడదీసి చర్మం తడిమి చూడాలి. పైకి గీతలా కనబడే కాటు లోపల గడ్డ కడుతుంది. కుందేలు చీము టూత్‌పేస్టులా చిక్కగా ఉంటుంది, దానంతటది కారిపోదు. దెబ్బలాట తర్వాత ఏదైనా పూటంతా మేత ముట్టకపోతే పద్యం పక్కన పెట్టి డాక్టరుకు ఫోన్ చేయాలి. దాని పేగు ఆగిందంటే ప్రాణం మీదికొస్తుంది.

కుందేళ్ళకు = కుందేళ్ళ జంటకు. మన కథల్లో సింహాన్ని బావిలో దూకించిన కుందేలు వీటికి దగ్గరి చుట్టం కాదు. అది మన చేలల్లో తిరిగేది, బొరియ తవ్వదు, చాలావరకు ఒంటరిది. పెంపుడు కుందేళ్ళ పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ వైపు నేల తవ్వుకుని గుంపుగా కాపురమున్నవి. అందుకే వీటికి తోడు కావాలి, నా చోటు అనే పట్టుదలా ఎక్కువే.

కంచె కట్టి = ఇనుప మెష్ అడ్డం పెట్టి. ఒక కంచె అయితే సందులోంచి ముక్కులు కొరుక్కుంటాయి. రెండు కంచెలు, మధ్య జానెడు ఖాళీ ఉంటే మేలు. వాసన అందాలి, పన్ను అందకూడదు. కుందేళ్ళను విడదీసేటప్పుడు ఉత్తచేయి పెట్టేవాడు సాహసి. చేట అడ్డం పెట్టేవాడు పండితుడు.

తొట్టెలు అటునిటు మార్చుచున్ = మలమూత్రాల ట్రేలను ఒకదానివి రెండోదానికి మారుస్తూ. కవి చూపు ఇక్కడ తెలుస్తుంది. బూరె పక్కకు గారె ట్రే, గారె పక్కకు బూరె ట్రే. వీలైతే కుందేళ్ళనే అటు ఇటు మార్చడం. ఎవరి చోటు ఎవరిదో తేలకుండా పోతుంది. గడ్డం కింది గ్రంథితో ప్రతి కుర్చీకాలికీ వాసన రాసి సరిహద్దు గీసే జీవి ముందు ఇంతకన్నా పెద్ద రాజకీయం లేదు.

తొలుత కొన్ని దినములు ఆఁగి = కంచె దగ్గర ఉరుకులు, కాటు ప్రయత్నాలు మానేదాకా. ఒకదానికొకటి వీపు చూపించి కాళ్ళు చాపి పడుకుంటే మంచి గుర్తు. ఎన్ని దినములో కవి చెప్పలేదు. చెప్పకపోవడమే పాండిత్యం.

శంక: రెండింటినీ భయపెడితే భయంలో ఒకటవుతాయని, కారులో తిప్పమని కొందరంటారు. సరేనా?
సమాధానం: భయపడ్డ కుందేలు కదలకుండా ముడుచుకుంటుంది. దాన్ని స్నేహమనుకోవడం అన్వయదోషం.

కొత్తగదిలో = రెండూ ఎన్నడూ తిరగని చోట. ఫ్లాటుల్లో ఆ భాగ్యం బాత్రూముకే దక్కుతుంది. నున్నటి టైల్సు మీద కాళ్ళు జారి బెదురుతాయి కనుక దుప్పటి పరవాలి. కాసేపు చాలు, గొడవ రాకముందే తీసేయాలి. ఒకటి రెండోదాని మీదెక్కితే పెత్తనం తేల్చుకోవడమే, కొద్దిసేపు ఊరుకోవచ్చు. తలవైపు నుంచి ఎక్కితే వెంటనే దించాలి. కిందిదాని పళ్ళు ఎక్కడ పడతాయో వ్యాఖ్యాత మర్యాద కొద్దీ చెప్పడు. తోకలు నిక్కి గుండ్రంగా తిరగడం మొదలైతే చేట.

నడుమ గడ్డికుప్పన్ పోసినన్ = మధ్యలో ఎండుగడ్డి పరిచి పోస్తే. ఒకే గిన్నెలో పెట్టకూడదు, గిన్నెకు యజమాని పుడతాడు. కాస్త కొత్తిమీర చల్లితే మూతులకు పని దొరుకుతుంది.

అవి = ఆ కుందేళ్ళు. వ్యాకరణంలో ఇవి పుట్టుకతోనే అమహత్తులు, నపుంసకాల కిందే లెక్క. ఇంట్లో అలా కాదు, శస్త్రవైద్యుడు కావాలి. ఆపరేషన్ కాని జంటకు ఈ పద్యం పనిచేయదు. నాలుగైదు నెలలు దాటాక హార్మోన్లు రేగి, అక్కచెల్లెళ్ళయినా తన్నుకుంటాయి. మగదానికి ఆపరేషన్ అయిన ఆరు వారాల దాకా ఆడదాని పక్కన ఉంచకూడదు. నెల తిరిగేసరికి బుట్టెడు పిల్లలు. కవి ఈ విషయం ఎత్తలేదు, అధ్యాహారం చేసుకోవాలి.

కలసి మేయు = కలిసి తింటాయి.

తాత్పర్యం: పోట్లాడుకున్న కుందేళ్ళను కూర్చోబెట్టి పంచాయితీ చేయకూడదు, మధ్య కంచె, మారే వాసన, ఎవరిదీ కాని చోటు, తలా కాస్త గడ్డి ఉంటే రాజీ అవే పడతాయి.

విశేషం: సంధి కుదిరే వేళ ఒకటి తల నేలకు ఆనిస్తుంది. చూసినవాళ్ళు పాపం లొంగిపోయిందంటారు. తరచు అది పైచేయిగల కుందేలే, నుదురు నాకమని ఆజ్ఞ. రెండోది నాకితే గొడవ తీరినట్టే. నాకకుండా మొహం తిప్పుకుంటే మరికొన్నాళ్ళు కంచె.

శంక: ఎంత చేసినా కలవని జంటలున్నాయి కదా? అప్పుడు చివరి పాదం అబద్ధమా?
సమాధానం: కాదు. కంచెకు ఈవల ఒకటి, ఆవల ఒకటి, మూతులు దగ్గరగా, ఒకే వేళకు మేస్తాయి. "కలసి" అన్నాడు గానీ కవి "ఒకే చోట" అనలేదు.